గేటు దగ్గర కూర్చోని రోజు

మొన్న కృష్ణగిరిలో కొత్తగా చేరిన హెల్త్ ఇన్‌స్పెక్టర్లకు శిక్షణ పెట్టి, నన్ను కూడా ఒక గంట మాట్లాడమన్నారు. యుద్ధం జరుగుతున్న ఒక దేశంలో కలరా శిబిరాలు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసి రిపోర్టు రాసే పని నేను కొన్నేళ్ళు చేశాను. దాని గురించి చెప్పమన్నారు, చెప్పాను. చివర్లో సూళగిరి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచింది. "సార్, మీరు రాసిన రిపోర్టు ఎప్పుడన్నా తప్పయిందా? అయింటే ఏమైంది సార్?" అని అడిగింది.

అయిందమ్మా, టీ తాగొచ్చి చెప్తానన్నాను. టీ తాగొచ్చి, ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ ఎంత కలపాలో చెప్పి ఇంటికి వచ్చేశాను. ఇంత వయసొచ్చి, ఆ పిల్ల ముందు మాట ఎగ్గొట్టాను. హోసూరు బస్సులో కూర్చున్నంతసేపూ సిగ్గుగానే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. నా రిపోర్టు వల్ల మనుషులు చచ్చిపోయారు. ఎలా చచ్చిపోయారో తెలిస్తే నీకు పనికొస్తుందమ్మా.

నాకు ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు. అవి ఇంట్లో బీరువా మీద ఉన్నాయి, దుమ్ము పట్టి.

మూకండపల్లి

వేప్పనపల్లి దగ్గర గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టాను. చదువుకుని హెల్త్ ఇన్‌స్పెక్టర్ అయ్యాను. చేరిన రెండో ఏడు హోసూరు పక్కన మూకండపల్లి లైన్ ఇళ్ళలో విరేచనాలు మొదలయ్యాయి. ఫ్యాక్టరీ పనివాళ్ళ ఇళ్ళు అవి, వరుసకు ఒకటే కొళాయి. నేను అట్టకు కాగితాలు తగిలించుకుని, చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని ఇంటింటికీ తిరిగాను. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు ఉన్నాయా అని అడిగితే ప్రతి ఇంట్లోనూ లేవన్నారు. లేవు, లేవు, లేవు అని రాసుకుంటూ పోయి, వరుస చివర ఇడ్లీలు అమ్మే మునెమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె నా కాగితాలు చూసి నవ్వింది.

"చెప్పుకుంటే ఇల్లు కాళీ చేయమంటారప్పా. ఎవురు చెప్తారు నీకు? ఆ కాయితం మడిచి జోబులో పెట్టుకో. దండేల మీద ఏమేమి ఆరేసుండారో చూసుకుంటా పో."

పోయి చూశాను. పండగ కాదు, ఆదివారం కాదు. మిట్టమధ్యాహ్నం కొన్ని ఇళ్ళ ముందు మాత్రం దుప్పట్లు, లంగాలు, పిల్లల నిక్కర్లు, బొంతలు తడితడిగా వేలాడుతున్నాయి. ఆ ఇళ్ళన్నీ ఒకే పక్క, మురుగు కాలువ వైపు ఉన్నాయి. ఆ కాలువలోంచే కొళాయి గొట్టం పోతోంది. అది ఎక్కడ పగిలిందో కనుక్కోవడానికి అరగంట కూడా పట్టలేదు.

ఇక మా పై అధికారి. తమిళాయన, గట్టివాడు. కలరా అన్న మాట కాగితం మీద పెట్టొద్దన్నాడు, ల్యాబ్ నుంచి వచ్చేదాకా తీవ్ర విరేచనాలు అని రాయమన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్రతనం, ఆయన ముందే పెన్ను బల్ల మీద కొట్టాను. ఆయన మాత్రం ఆ సాయంత్రానికల్లా గొట్టం కోయించాడు, ట్యాంకర్లు తెప్పించాడు, రెండు రోజులు తనే ఆ సందుల్లో నిలబడ్డాడు. ఆయన చేసింది సగం తప్పు. మాట దాచాడు, పని దాచలేదు. తర్వాత విదేశాల్లో నేను చూసిన పెద్దల్లో కొందరు అన్ని మాటలూ ధైర్యంగా రాసేవాళ్ళు, పని మాత్రం కనబడేది కాదు. ఎవరు మేలు అని నన్నడిగితే మా తమిళాయనే మేలంటాను.

రెండు శిబిరాలు

సర్కారు ఉద్యోగం చాలించుకున్నాక ఒక అంతర్జాతీయ సహాయ సంస్థ నన్ను తీసుకుంది. ఆ దేశం పేరు, సంస్థ పేరు రాయను. నది ఇవతల ఒడ్డు ప్రభుత్వం చేతిలో, అవతల ఒడ్డు దానితో పోరాడేవాళ్ళ చేతిలో ఉండేవి. తాగేది ఇద్దరూ ఆ నది నీళ్ళే.

మా సంస్థకు ఇవతలి ఒడ్డున రెండు కలరా శిబిరాలుండేవి. ఒకటి పట్నంలో, ఆసుపత్రి పక్కన. మంచాలు వరసగా, నేల కడిగి, చెప్పులకు మందు నీళ్ళు, చేతులకు మందు నీళ్ళు, ప్రతి మంచానికీ చీటీ. రెండోది పడవల రేవు దగ్గర, అవతలి ఒడ్డు వాళ్ళు నది దాటొచ్చే చోట, నాలుగు డేరాలు. దాన్ని మరియమ్ అనే నర్సు నడిపేది. నలభై ఏళ్ళుంటాయి, బక్కమనిషి, మాట్లాడితే ఎదుటివాడి కళ్ళలోకే చూసేది.

కలరాలో మనిషి ఒంట్లో నీరంతా గంటల్లో పోతుంది. ఆ నీరు తిరిగి ఎక్కిస్తే లేచి కూర్చుంటాడు. వేళకు వైద్యం అందితే వందమందిలో ఒకరు కూడా పోకూడదు. మా వృత్తిలో శిబిరం మంచిదా చెడ్డదా అని చూసే మొదటి కొలత అదే. పట్నం శిబిరం ఆ గీత లోపలే ఉంది. మరియమ్ శిబిరం ఆ గీత దాటి చాలా దూరం పోయింది.

నేను ఆమె దగ్గర ఒక పూట ఉన్నాను. మూత లేని బకెట్టు ఒకటి కనబడింది, రాసుకున్నాను. చేతికి తొడుగు లేకుండా పక్కబట్ట ఎత్తుతున్న ఆయా కనబడింది, రాసుకున్నాను. ఇంతమంది ఎందుకు పోతున్నారని మరియమ్‌ను అడిగాను, కొంచెం గట్టిగానే. నాకు దుబాసీగా ఒక స్కూలు మాస్టరు ఉండేవాడు. ఆయన నా గొంతు తగ్గించి చెప్పాడేమో తెలియదు. ఆమె మాత్రం నిదానంగా జవాబు చెప్పింది.

"ఒక్క రోజు ఈ గేటు దగ్గర కూర్చోండి. వచ్చినవాళ్ళను, ఇంటి నుంచి ఎప్పుడు బయలుదేరారు అని అడగండి. ఆ ఒక్క మాటే అడగండి. తర్వాత మీ ఇష్టం వచ్చింది రాయండి."

మధ్యాహ్నం మూడింటికి మా కార్ల వరుస బయలుదేరాలి. అది తప్పితే మర్నాటిదాకా కదలడానికి లేదు. మర్నాడు ఉండొచ్చు కదా అని నీకు అనిపిస్తుంది. ఉండొచ్చు. మా మేనేజరును అడిగితే ఒప్పుకునేవాడే. నేను అడగలేదు. మునెమ్మ దగ్గర పాఠం నేర్చుకున్నవాణ్ణి, ఎన్నో ఊళ్ళు తిరిగినవాణ్ణి, ఒక పూటలో చూడాల్సింది చూసేశానన్న పొగరు. మునెమ్మ చెప్పింది దండేల గురించి కాదని, కాగితం మడవడం గురించని అప్పటికి మర్చిపోయాను. మూడింటికి కారెక్కాను.

రేవు శిబిరంలో సంరక్షణ నాణ్యత తక్కువ, దాన్ని మూసి పట్నం శిబిరంలో కలపాలి అని రాశాను. రేవుకూ పట్నానికీ మధ్య ఒక చెక్‌పోస్టు ఉంది. అవతలి ఒడ్డు మనుషులని తెలిస్తే అక్కడి సిపాయిలు గంటలు గంటలు ఎండలో నిలబెడతారు, ఒక్కోసారి వెనక్కి తోలేస్తారు. అది నాకు తెలుసు. దాన్ని "రవాణాలో కొంత ఇబ్బంది" అని రాశాను. నా చేత్తో రాసిన మాటల్లో ఇప్పటికీ చదవలేనిది ఆ ఒక్కటే. సంస్థ వాళ్ళకు నా సలహా తెగ నచ్చింది. రేవు అంటే కాల్పులు వినబడే చోటు, అక్కడ మనుషులను పెట్టడం వాళ్ళకు ఎప్పుడూ బెంగే. పది రోజుల్లో డేరాలు ఎత్తేశారు.

అన్న అడిగింది

మామిడికాయలు కోతకొచ్చిన రోజుల్లో వేప్పనపల్లి వచ్చాను. మా అన్న ఇప్పటికీ గొర్రెలు పెట్టుకున్నాడు, ముప్ఫై నలభై ఉంటాయి. చదువుకోలేదు. పొద్దున్నే దొడ్డి దగ్గర రాతి మీద కూర్చుని నేను ఫోనులో వారం వారం వచ్చే లెక్కలు చూస్తుంటే, ఏందప్పా నీలో నువ్వే నవ్వుకుంటాండావు అని అడిగాడు. రెండు శిబిరాలుండేవని, ఒకటి బాగాలేక నేనే మూయించానని, ఇప్పుడు చావులు బాగా తగ్గిపోయాయని చెప్పాను. గొప్పగానే చెప్పాను, దాచడమెందుకు.

అన్న గొర్రె కాలిగిట్టలో ఇరుక్కున్న ముల్లు తీస్తున్నాడు. తీసి పారేసి అడిగాడు.

"నాకు సరిగ్గా తెలీలేదప్పా. రెండు దొడ్లు ఉండె. ఒగటి మూసేసినారు. ఆడుండేవన్నీ రెండో దొడ్డికి రావల్ల గదా. ఆ దొడ్లో పెరిగినాయా?"

చూడాలన్నా అన్నాను.

"చూడకనే నవ్వుతాండావే," అన్నాడు.

ఇంట్లోకి పోయి లాప్‌టాప్ తెరిచాను. పట్నం శిబిరంలో మనుషులు పెరగలేదు. ఒక్క వారం కూడా పెరగలేదు, ఇంకా తగ్గారు. రేవు డేరాలకు రోజూ వచ్చే మనుషులు ఎక్కడికీ రాలేదు. వాళ్ళు ఎక్కడున్నారో ఒక్క కాగితంలోనూ లేదు. ఎందుకంటే మేం లెక్కపెట్టేది మా దగ్గరికి వచ్చినవాళ్ళను, మా దగ్గర చనిపోయినవాళ్ళను మాత్రమే. ఇంట్లో పోయిన మనిషి మా కొలతకు అందడు. మా కొలత ప్రకారం అది మెరుగుదల.

పుట్టినప్పటి నుంచి గొర్రెల దొడ్డి దగ్గర పెరిగినవాణ్ణి నేను. సాయంత్రం మంద తిరిగొస్తే మా నాయన ఎన్ని వచ్చాయని లెక్కపెట్టేవాడు కాదు, ఏది రాలేదని చూసేవాడు. ఇంత చదువు చదివి ఆ చూపు పోగొట్టుకున్నాను.

సంస్థలో నా పైనున్న ఆవిడకు ఫోన్ చేశాను. చల్లని దేశంలో, పెద్ద ఆఫీసులో కూర్చుని పనిచేసే మనిషి. జబ్బే తగ్గిపోయి ఉండొచ్చు కదా అంది. తగ్గి ఉండొచ్చు, నేను పోయి చూస్తానన్నాను. ఈ మూల్యాంకనం ముగిసిపోయింది, మళ్ళీ తెరవడం మా పద్ధతి కాదంది. మూడు రోజులు ఇదే మాట. నాలుగో రోజు, అయితే రిపోర్టు మీద నా పేరు తీసేస్తున్నాను, ఎందుకు తీసేశానో కూడా అందరికీ రాస్తాను అన్నాను. అప్పుడు టిక్కెట్టు పంపారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. నీ రిపోర్టులో ఏం రాశావన్న దానికంటే, దాన్నుంచి నీ పేరు పోతుందంటేనే వాళ్ళు ఎక్కువ భయపడతారు.

నది అవతల

ఈసారి మాస్టరు, నేను పడవలో అవతలికి పోయాం. దానికి అనుమతులు రావడానికి అయిదు రోజులు పట్టింది. ఒడ్డున ఉన్న మొదటి ఊరి పెద్దమనిషికి మేమెవరమో చెప్పి, కలరాతో ఎందరు పోయారని అడిగాను. ఆయన నోటితో చెప్పలేదు, రండి అని శ్మశానానికి తీసుకుపోయాడు. కొత్త మట్టి దిబ్బలు ఇంకా కుంగలేదు. ఒక్కోదాని దగ్గర నిలబడి పేరు చెప్పాడు, ఎవరి కొడుకో, ఎవరి భార్యో చెప్పాడు. పద్నాలుగు. అన్నీ డేరాలు ఎత్తేశాక తవ్వినవే. ఎందుకు తీసేశారని ఆయన నన్ను అడిగాడు. సంస్థ నిర్ణయించింది అన్నాను. మాస్టరు ఒకసారి నా వైపు చూసి, ఆ మాటే ఆయనకు చెప్పాడు. ఆ పూట కూడా నేను నిజం చెప్పలేదన్నమాట.

ఇవతలి ఒడ్డుకు తిరిగొచ్చి మరియమ్ ఇంటికి పోయాం, అది రేవు దగ్గరే. సంస్థ ఉద్యోగం పోయినా ఆమె పని మానలేదు. ఇంటి వసారాలో మూడు మంచాలు వేసుకుని, కాచిన నీళ్ళలో ఉప్పు, చక్కెర కలిపి తాగిస్తోంది. సెలైన్ సీసాలు ఎవరెవరినో అడిగి తెచ్చుకుంటోంది, ఆ రోజుకు రెండున్నాయి. నన్ను చూసి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లోపలి నుంచి ఒక ముక్కాలిపీట తెచ్చి గేటు పక్కన వేసింది. దాని మీద ఒక నోటు పుస్తకం పెట్టింది.

"ఈ రోజు మీ కారు ఎన్నింటికి?" అని అడిగింది.

లేదన్నాను. అయితే కూర్చోమంది.

పుస్తకంలో ఆమె గీతలు కొట్టి గడులు చేసింది. పేరు, ఊరు, ఇంటి నుంచి బయలుదేరిన వేళ, చేరిన వేళ, ఆలస్యానికి కారణం. వెనక్కి తిప్పి చూశాను, డేరాలున్న రోజుల పేజీలూ ఉన్నాయి. మాస్టరు ఒక్కో వరస చదివి చెప్పాడు. పడవ లేదు. ఒడ్డున కాల్పులు. చీకటి పడేదాకా పొలంలో దాక్కున్నారు. ఆమె దగ్గర పోయినవాళ్ళందరూ ఏడు, ఎనిమిది గంటలు దారిలో గడిపి, నాడి దొరకని స్థితిలో వచ్చినవాళ్ళే. గంటా రెండు గంటల్లో చేరినవాళ్ళలో ఒక్కరు కూడా పోలేదు. పట్నం శిబిరానికి వచ్చేవాళ్ళు వీధి అవతలి నుంచి నడిచి వచ్చేవాళ్ళు. నేను ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి, నడిచి వచ్చినవాళ్ళ డాక్టరుకు శభాష్ అని, మోస్తే వచ్చినవాళ్ళ నర్సు శిబిరానికి తాళం వేశాను.

మధ్యాహ్నం దాటాక ఒకతను భార్యను సైకిల్ వెనక కూర్చోబెట్టి, జారకుండా తువ్వాలుతో తన నడుముకు కట్టుకుని వచ్చాడు. పాతికేళ్ళ పిల్ల. కళ్ళు లోపలికి పోయాయి, చెయ్యి మీద చర్మం గిల్లితే అలాగే నిలబడిపోయింది. మరియమ్ నరం కోసం రెండు చేతులూ, కాళ్ళూ వెతికింది. దొరికేసరికి చాలాసేపయింది. సీసా పట్టుకునేవాళ్ళు లేక నేను పట్టుకున్నాను. సీసా సగం అయ్యేలోపే ఆమె ఊపిరి ఆగిపోయింది.

మరియమ్ ఆమె కళ్ళు మూసి, పక్క మంచం మీద ఉన్న ముసలాయన దగ్గరికి పోయింది. పుస్తకం నా పని. పేరు, ఊరు అడిగి రాశాను. బయలుదేరిన వేళ, తెల్లవారక ముందు. చేరిన వేళ, రెండుంబావు. ఇంత ఆలస్యం ఎందుకైందని మాస్టరు చేత అడిగించాను. అతను నేల చూస్తూ చెప్పాడు. రేవు దగ్గర డేరాలు తీసేశారని ఊళ్ళో అన్నారట. అందుకని పొద్దున్నే నది దాటి, ఈ ఇంటి ముందు నుంచే పట్నం దారి పట్టారట. చెక్‌పోస్టు దగ్గర మధ్యాహ్నం దాకా నిలబెట్టి, వెనక్కి పొమ్మన్నారట. తిరిగొస్తుంటే రేవులో ఎవరో, నర్సమ్మ ఇంట్లోనే చూస్తుంది అని చెప్పారట.

పొద్దున్న వాళ్ళు ఈ గేటు ముందు నుంచే పోయారు.

కారణం గడిలో, శిబిరం మూసేసినందువల్ల అని రాశాను. పెన్ను ఎత్తలేదు. మూయమని రాసింది నేను అని రాసి, కింద నా పేరు, నా సంతకం పెట్టాను. ఏం రాస్తున్నారని అతను అడిగాడు. చెప్పమన్నాను. మాస్టరు చెప్పడానికి ఇబ్బంది పడితే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి మాస్టారూ అన్నాను. చెప్పాడు. అతను నన్ను కొడతాడనుకున్నాను. కొడితే పడదామనే కూర్చున్నాను.

అతను ఒక్కటే అడిగాడు. "మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు? ఇంట్లో మా పాపకు రాత్రే రెండుసార్లు విరేచనం అయింది."

మరియమ్ ఆ మాట విని లోపలికి పోయి, ఉన్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్లన్నీ తెచ్చి నా చేతుల్లో పోసి, పడవ వైపు చూపింది. అతనితో కలిసి అవతలికి పోయాను. పాపను తీసుకొచ్చాం, బతికింది. ఆ సాయంత్రమే సంస్థకు ఆ పేజీ ఫోటో పంపాను. డేరాలు మళ్ళీ వేయడానికి మాకు పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజులూ ఆ గేటు దగ్గర కూర్చున్నాను. ఆలస్యానికి కారణం రాసే ఆ చివరి గడి నేనే నింపాను.